సర్పంచ్ కుర్చీకి పాట పెట్టిన పెద్దలకు

మా ఊరి పెద్దలకు, మా ఊరిలాగే సర్పంచ్ పదవిని వేలం వేసిన ప్రతి ఊరి పెద్దలకు, కుల సంఘాల బాధ్యులకు, గ్రామాభివృద్ధి కమిటీల సభ్యులకు,



మీరు పెట్టిన పాట ముగిసి నెలలు గడిచాయి. పాట దక్కించుకున్నవారు ప్రమాణ స్వీకారం చేశారు, పంచాయతీ ఆఫీసు గోడ మీద కొత్త పేరు రాయించారు. అంతా సద్దుమణిగాక ఇప్పుడీ లేఖ ఎందుకని మీరు అడగవచ్చు. అంతా సద్దుమణిగిందని మీరు అనుకోవడమే నాకు మింగుడుపడటం లేదు. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణ పల్లెలు పొద్దున్నే బడుల ముందు వరుసలు కట్టాయి. బతుకుదెరువు కోసం బొంబాయికి, హైదరాబాద్‌కు పోయినవాళ్లు కూడా బస్సుల్లో నిలబడి వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఓటేసి, సాయంత్రం ఫలితం విని వెళ్లారు. మన ఊళ్లో బ్యాలెట్ పెట్టె దిగలేదు. సర్పంచ్ ఓటుకు ఇచ్చే గులాబీ కాగితం, వార్డు సభ్యుడి ఓటుకు ఇచ్చే తెల్ల కాగితం ఒక్కరి చేతికీ రాలేదు. పద్దెనిమిదేళ్లు నిండి తొలిసారి జాబితాలో పేరెక్కిన పిల్లలు వేలికి సిరా చుక్క లేకుండానే కాలేజీలకు వెళ్లిపోయారు. ఊరంతా ఒక్క మాట మీద ఉంది కాబట్టి ఎన్నిక అవసరం లేకపోయిందని మీరు విలేకరులకు చెప్పారు. ఊరంతా అంటే ఎవరండీ? ఆ మాట మీద నేను ఉన్నానో లేనో నన్నెవరు అడిగారు?

ఆ సాయంత్రం నేనూ అక్కడే ఒక వారగా నిలబడి ఉన్నాను. గుడి ముందు షామియానా వేశారు. కింద పట్టాలు పరిచారు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక మైకు. బల్ల మీద రెండు వందల పేజీల నోటుబుక్కు. "సర్కారు పాట ఐదు లక్షలు" అని మైకులో చెప్పగానే మొదలైంది. మొదట యాభై వేల చొప్పున, తర్వాత లక్ష చొప్పున పెరిగింది. ఒకటోసారి, రెండోసారి అన్నాక కాస్త ఆగి, పాడుతున్నవాళ్ల మొహాలు చూసి, మూడోసారి అన్నారు. కొబ్బరికాయ కొట్టారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, సగం డబ్బు వారంలో, మిగతాది ఉపసంహరణ గడువు ముగిసిన మర్నాడు కట్టాలని రాశారు. తమ ఇంటి ఆడవాళ్లను పోటీకి దింపుదామనుకున్న ముగ్గురిని గర్భగుడి ముందుకు తీసుకెళ్లి, హారతి మీద చేయి పెట్టించి, నామినేషన్ వేయించబోమని ప్రమాణం చేయించారు. మన ఊరి సీటు ఈసారి మహిళలకు కేటాయించారు. షామియానా కింద ఒక్క ఆడమనిషి లేదు. వాళ్లంతా ప్రహరీ అవతల నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి, లోపల ఎవరి మొగుడు ఎంత పాడాడో చెవులు రిక్కించి వింటున్నారు.

దీన్ని మీరు ఊరి మంచి అన్నారు.

వేలంపాటలు పల్లెలకు కొత్త కావు. వారం వారం సాగే అంగడిలో తైబజారు వసూలు చేసుకునే హక్కును పంచాయతీ ఏటా వేలం వేస్తుంది. పంచాయతీ స్థలంలోని చింతచెట్ల కాపును వేలం వేస్తుంది. దానికొక పద్ధతి ఉంది. ముందుగా నోటీసు అంటిస్తారు, చాటింపు వేస్తారు, ధరావతు కట్టించుకుంటారు. హెచ్చు పాట పాడినవారి పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది, డబ్బు పంచాయతీ నిధిలో జమవుతుంది, రసీదు ఇస్తారు, ఏడాది తిరిగాక ఆడిట్‌వాళ్లు ఆ రసీదు ఎక్కడని అడుగుతారు. వినాయక చవితికి లడ్డూ వేలం కూడా వేస్తాం. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2025లో 35 లక్షలకు చేరింది. భక్తితో పాడుతున్నారు, భక్తితో ఇస్తున్నారు, దానికెవరూ అడ్డు చెప్పరు. ఎందుకంటే అంగడి పంచాయతీది, చింతచెట్టు పంచాయతీది, లడ్డూ దాన్ని చేయించిన మండపంవాళ్లది. ఎవరిది వాళ్లు అమ్ముకుంటున్నారు. సర్పంచ్ పదవి మీ సొత్తు ఎప్పుడైంది? ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరికీ దాంట్లో సమాన వాటా ఉంది. మీలో ఒక్కొక్కరికీ ఉన్నది ఒక్క ఓటే. ఆ ఒక్క ఓటును మీరు ఎవరికైనా వేసుకోండి, మానుకోండి. మిగతా ఊరి ఓట్లను మూటగట్టి ఒకరికి కట్టబెట్టే హక్కు మీకెవరిచ్చారు?

మీలో డెబ్బై దాటినవారు పటేల్, పట్వారీల ఏలుబడిని కళ్లారా చూశారు. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు. పహాణీలో ఏ పేరు రాయాలన్నా, ఎవరి పొలం ఎవరి పేరు మీద ఉందో తెలియాలన్నా వాళ్ల గడప ముందు చేతులు కట్టుకోవాల్సి వచ్చేది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊపిరి పీల్చుకున్నది మీ తరమే. జవహర్‌లాల్ నెహ్రూ మన షాద్‌నగర్‌కు వచ్చి పంచాయతీరాజ్‌ను ప్రారంభించింది 1959 అక్టోబరులో. ఆ తర్వాత రాజ్యాంగానికి 73వ సవరణ వచ్చి, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలై, పంచాయతీ ఎన్నికలు క్రమం తప్పకుండా జరిపించే బాధ్యతను రాష్ట్ర ఎన్నికల సంఘాలకు అప్పగించింది. పుట్టుకను బట్టి పెత్తనం వచ్చే రోజులు పోవాలని ఇంతమంది ఇన్నేళ్లు పాటుపడ్డారు. ఇప్పుడు మీరు డబ్బును బట్టి పెత్తనం వచ్చే రోజులు తెస్తున్నారు. పెత్తనం ఎవరి చేతుల్లో ఉండాలో ఊరు చెప్పే వీలు అప్పుడూ లేదు, మీ పాటలోనూ లేదు. తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

కొన్ని అంకెలు మీ ముందు పెడతాను. సర్పంచ్‌గా నామినేషన్ వేయడానికి ఎన్నికల సంఘం అడిగే డిపాజిట్ జనరల్ అభ్యర్థికి 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు 1,000. ఐదు వేలలోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి పెట్టదగిన ఖర్చు లక్షా యాభై వేలు, అంతకు మించిన ఊళ్లలో రెండున్నర లక్షలు. కూలి చేసుకునేవాడు కూడా పోటీ చేయగలగాలనే గడప అంత ఎత్తులోనే పెట్టారు. ఆ గడపను మీరు లక్షల ఎత్తుకు లేపారు. మన ఊరి పాట ఎక్కడ ఆగిందో నేనిక్కడ రాయను, అది మీకు తెలుసు. లెక్క కోసం ఇరవై లక్షలనుకుందాం. తెలంగాణలో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. ఐదేళ్లకు 3,90,000. మిగిలిన పదహారు లక్షల పైచిలుకు ఎక్కడి నుంచి రావాలి?

ఆయన కలిగినవాడు, పేరు కోసం పాడాడు, తిరిగి రాబట్టుకోడని అంటారేమో. అలాంటివాళ్లు ఉండవచ్చు. కానీ ఊరి మురుగు కాలువ, వీధి దీపం, ట్రాక్టరు డీజిల్, ఇంటి అనుమతి, కొత్త వెంచర్‌లో పంచాయతీకి రావలసిన స్థలం, వీటన్నిటి మీదా సంతకం పెట్టే చెయ్యి ఇప్పుడు అప్పులో ఉంది. పోయిన విడత సర్పంచుల సంగతి మీరు మరిచిపోలేదు కదా? వైకుంఠధామాలు, డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు అప్పు తెచ్చి కట్టించి, బిల్లులు రాక, 2024 ఫిబ్రవరిలో పదవి దిగిపోయాక కూడా ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు ఎంతోమంది. ఒక్క రూపాయి పాట కట్టకుండా గెలిచినవాళ్ల గతే అలా ఉంటే, ఇరవై లక్షలతో మొదలుపెట్టినవారి గతి ఏమిటి? ఆయన ఊరిని ముంచాలి, లేదా ఆయన కుటుంబం మునగాలి. ఈ రెండింటిలో ఏది జరిగినా ఊరికి మంచి ఎలా అవుతుంది?

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇదేదో మన ఇంటి వ్యవహారమన్నట్టు మీరు మాట్లాడుతున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 169వ సెక్షన్ చదివించుకోండి. ఎన్నికల హక్కంటే ఓటేయడం, వేయకపోవడం ఒక్కటే కాదు. అభ్యర్థిగా నిలబడటం, నిలబడకపోవడం, వేసిన నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా ఆ హక్కులో భాగమే. ఆ హక్కు ఫలానా విధంగా వాడుకునేలా చేయడానికి ఎవరికైనా ప్రతిఫలం ఇవ్వడం, దాన్ని పుచ్చుకోవడం 170వ సెక్షన్ కింద లంచం. 173వ సెక్షన్ కింద అందుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మా జేబుల్లోకి పైసా పోలేదు, గుడికే పోయింది అంటారు మీరు. చట్టం జేబు గురించి అడగడం లేదు. ఏ పని చేయించడానికి ఇచ్చారని అడుగుతోంది. ఇంకొక మాట. దైవ కోపానికి గురవుతావని అభ్యర్థిని గానీ ఓటరును గానీ నమ్మించడం అనుచిత ప్రభావమని 171వ సెక్షన్ పేరు పెట్టి మరీ చెబుతోంది. హారతి మీద చేయి పెట్టించింది మీరు. ఇవేవీ కొత్తగా పుట్టిన నిబంధనలు కావు, పాత ఐపీసీలో 1920 నుంచీ ఉన్నవే.

ఏం చేస్తారులే అన్న ధైర్యం ఉంటే మహారాష్ట్ర వైపు చూడండి. నాసిక్ జిల్లా ఉమ్రాణేలో, నందుర్బార్ జిల్లా ఖోండామళిలో సర్పంచ్ పదవిని వేలం వేశారని తేలాక, 2021 జనవరిలో అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ రెండు పంచాయతీల ఎన్నికలనే రద్దు చేసింది. ఉమ్రాణేలో పాట రెండు కోట్లు దాటింది. అక్కడా గుడి పేరే చెప్పారు.

మీ వాదన నాకు తెలుసు. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఎన్నికంటే నెల రోజులు ఊరికి నిద్ర ఉండదు. సాయంత్రమైతే సీసాలు, బిర్యానీ పొట్లాలు. ముందురోజు రాత్రి కవర్లు. కుర్రాళ్లు తాగి బండ్ల మీద పడిపోతారు. ఒకే గడపలోని అన్నదమ్ములు చెరో గుర్తుకు జై కొట్టి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకరి శుభకార్యానికి ఒకరు పోరు. ఇద్దరు అభ్యర్థులూ పొలాలు కుదువపెట్టి ఖర్చు చేస్తారు, ఒకరు ఓడి అప్పుల పాలవుతారు, గెలిచినవారు కూడా అప్పుల్లోనే ఉంటారు. ఇలా బూడిదలో పోసిన పన్నీరయ్యే డబ్బేదో గుడికైనా దక్కితే తప్పేముందని మీరు అంటున్నారు. ఆ బాధలో నిజముంది. నేనూ ఈ ఊళ్లోనే ఉన్నాను, అవన్నీ నేనూ చూశాను.

కానీ పెద్దలారా, ఆ సీసాలు ఎవరు పంచుతున్నారు? ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కాదు కదా. పాట పాడినవాళ్ల చేతులే అవి. చాలా ఊళ్లలో బెల్టుషాపు ఎవరు పెట్టుకోవాలో కూడా వేలం వేసేది గ్రామాభివృద్ధి కమిటీలే. ఏడాది పొడవునా మందు అమ్మే హక్కును పాటలో అమ్మి, ఎన్నికల నెలలో మందు వల్ల ఊరు చెడిపోతోందని ఓటునే తీసేయడం ఏ న్యాయం? ముగ్గురిని గుడి ముందుకు రప్పించి పోటీకి దింపబోమని ఒట్టేయించగలిగిన పెద్దరికం మీది. అదే ముగ్గురిని కూర్చోబెట్టి, మందు పొయ్యబోము, డబ్బు పంచబోము, ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి దాటి పైసా ఖర్చు పెట్టబోము అని మాట తీసుకోలేకపోయారా? ఆ పని చేసి ఉంటే ఈ ఊరు మీకు జన్మజన్మలకూ రుణపడి ఉండేది. మీ మాట చెల్లుతుందని మీకు తెలుసు. దాన్ని ఏ వైపు వాడాలన్నదే మీరు తప్పుగా తేల్చుకున్నారు.

గొడవల సంగతీ అంతే. ఎన్నికలో గొడవ వస్తుంది, నిజమే. ఓడినవారు ఆ మర్నాటి నుంచి గెలిచినవారిని కనిపెట్టి ఉంటారు. కాలువకు సిమెంటు ఎంత కలిపారు, ట్యాంకులో క్లోరిన్ కలుపుతున్నారా, చేసిన పనికి ఎంత బిల్లు పెట్టారు అని గ్రామసభలో లేచి అడిగేది వాళ్లే. అలా అడిగేవాళ్లు లేకుండా చేసి, చూడండి ఎంత ప్రశాంతంగా ఉందో అంటున్నారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో సర్పంచ్‌కు, ఉప సర్పంచ్‌కు కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఒకరి చేయి తప్పితే ఇంకొకరు పట్టుకుంటారని దాని ఉద్దేశం. మీరు వార్డులన్నీ అదే సాయంత్రం పంచేశారు. ఉప సర్పంచ్ ఎవరో కూడా అదే నోటుబుక్కులో రాశారు. ఇక ఆ రెండో సంతకం ఎవరిని ఆపుతుంది?

డబ్బు ప్రసక్తి లేకుండా, వాడ వాడా తిరిగి, ఆడవాళ్లనూ తండావాళ్లనూ అడిగి, ఊరికి ఇన్నాళ్లు సేవ చేసిన ఒక మనిషిని అందరూ ఒప్పుకుని పోటీ లేకుండా ఎన్నుకున్న ఊళ్లు ఉన్నాయి. ఆ ఊళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ ఊళ్ల పేరు చెప్పుకుని మీరు చేసింది వేరు. జేబులో రూపాయి లేని మనిషి, ఊరంతటికీ ఇష్టమైన మనిషి, మీ షామియానా కింద ఒక్క మాట పలకగలిగేవాడా?

అలాంటి మనిషి మన ఊళ్లోనే ఉంది. మహిళా సంఘం లెక్కలు పదేళ్లుగా చూస్తున్న ఆమె. బ్యాంకు అప్పు కంతు ఒక్కటి తప్పనివ్వలేదని బ్యాంకువాళ్లే చెబుతారు. సీటు మహిళకు వచ్చిందని తెలియగానే ఇంటి పన్ను బకాయి కట్టి రసీదు తెచ్చుకుంది, ఎన్నికల ఖర్చు కోసం బ్యాంకులో కొత్త ఖాతా తెరిచింది, కుల ధ్రువీకరణ పత్రం తీసుకుంది, ప్రతిపాదించేవారిని మాట్లాడుకుంది. నామినేషన్ ఫారంలో సగం నింపింది కూడా. ఆ రాత్రి మీలో నలుగురు ఆమె ఇంటికి వెళ్లారు. కేకలు వేయలేదు, బెదిరించలేదు, చాయ్ తాగి మెల్లగానే మాట్లాడారు. "ఊరికి ఎదురు పోతవా బిడ్డా? రేపు నీ కొడుకు పెండ్లికి ఊరు రావొద్దా?" అన్నారు. ఆమె ఏం జవాబు చెప్పగలదు? ఆ మర్నాడు ఫారం బయటికి తీయలేదు. ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో బోర్డు మీద పాట పాడినాయన భార్య పేరు ఉంది. ఆవిడ మంచి మనిషి, ఆవిడను నేను ఒక్క మాట అనను. ఆవిడను కూడా మీరు అడగలేదు కదా.

మహిళలకు సగం సీట్లు చట్టం ఇచ్చింది. తరతరాలుగా షామియానా అవతల నిలబడ్డవాళ్లు లోపలికి రావాలని ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ సీట్లూ అంతే. అవి పాటకు వస్తే ఏం జరుగుతోందో మీకు నేను చెప్పాలా? వెనుక ఒక ఆసామి డబ్బు పెడతాడు, ముందు అతని దగ్గర పనిచేసే మనిషి పేరు ఉంటుంది, స్టాంపు కాగితం ఆసామి బీరువాలో ఉంటుంది. తమిళనాడులో మదురై జిల్లా పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలను 1996లో దళితులకు కేటాయిస్తే, పదేళ్లపాటు అక్కడ దళిత అధ్యక్షుడిని కుర్చీలో నిలవనివ్వలేదు. నామినేషన్లు వేయకుండా చూశారు, ఎన్నికైనవారి చేత వెంటనే రాజీనామా చేయించారు. 2006లో గానీ అక్కడ సరైన ఎన్నిక జరగలేదు. అక్కడి పెద్దలు కూడా అది ఊరి నిర్ణయమే అన్నారు. వాళ్లు కట్టడితో చేశారు, మీరు డబ్బుతో చేస్తున్నారు. దెబ్బ తగిలేది మాత్రం అదే మనుషులకు.

ప్రభుత్వాలే ఏకగ్రీవాలు చేసుకోమంటున్నాయి కదా, మమ్మల్నే ఎందుకు అంటావని మీరు అడుగుతారు. ఆ తప్పు ప్రభుత్వాలదీ ఉంది. ఏకగ్రీవమైన పంచాయతీకి పది లక్షలు ఇస్తామని 2019 ఎన్నికల్లో తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి ఐదు, పది, పదిహేను, ఇరవై లక్షల చొప్పున ప్రకటించింది. పోటీ లేకపోవడానికి బహుమతి పెడితే, పోటీ లేకుండా చేసేవాళ్లు పుట్టుకొస్తారు. దాని గురించి ప్రభుత్వాలను నిలదీయాల్సిందే. అయితే ఏ ప్రభుత్వమూ పదవిని వేలం వేయమనలేదు. ఆ పని మీరు మీ ఇష్టంతో చేశారు.

ఇక గుడి. గుడికి నేనూ చందా ఇస్తాను, ఇచ్చాను. ప్రహరీ పడిపోయినప్పుడు కూలీనాలీ చేసుకునేవాళ్లు కూడా తోచింది తెచ్చి ఇచ్చారు. మీరు అడిగి ఉంటే ధ్వజస్తంభానికైనా, కల్యాణ మండపానికైనా ఊరు ఇచ్చేది. పది మంది ఇష్టంతో ఇచ్చిన డబ్బుకూ, ఊరందరి హక్కును ఒకరికి అమ్మి తెచ్చిన డబ్బుకూ దేవుడి ముందు తేడా లేదంటారా? పైగా ఆ డబ్బు ఇప్పుడు ఎక్కడుంది? పంచాయతీ ఖాతాలో ఉంటే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తుతో అడుగుతాను. ఆడిట్‌లో కనపడుతుంది. కానీ అది మీ కమిటీ దగ్గర ఉంటే, ఆ కమిటీకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా ఊళ్లో ఎక్కువమందికి తెలియదు. డబ్బు ఎవరి ఇంట్లో ఉంది, ఎవరికి వడ్డీకి పోయింది, ఎంత ఖర్చయింది అని అడిగితే, పెద్దలనే అనుమానిస్తావా అంటారు. ఊరు మిమ్మల్ని పెద్దలన్నది లెక్క చెప్పనక్కర్లేదని కాదు.

మీ నుంచి నాకు కావలసినవి ఇవి. పాటలో వచ్చిన ప్రతి రూపాయికీ జమాఖర్చు రాసి, వచ్చే గ్రామసభలో చదివి వినిపించండి. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి ఆ సభ జరగాలి. ఈ విషయం లేవనెత్తడానికి నేను వస్తున్నాను. ఆ స్టాంపు కాగితాలను ఊరి ముందు చించేయండి. కుర్చీలో ఉన్నవారికి మీరు గానీ, మీకు వారు గానీ ఇంకేమీ బాకీ లేరని చెప్పండి. అప్పుడైనా ఆవిడ తన సంతకం తాను పెట్టుకోగలుగుతుంది. ప్రమాణం చేయించిన ముగ్గురి ఇళ్లకు, ఆ సంఘం లెక్కలు చూసే ఆమె ఇంటికి వెళ్లి, వచ్చే ఎన్నికలో పోటీ చేయడానికి ఏ అడ్డూ ఉండదని మాట ఇవ్వండి. వెళ్లినప్పుడు నలుగురే కాకుండా, కమిటీలో ఉన్నవాళ్లందరూ వెళ్లండి. కమిటీలో ఇంతవరకు ఒక్క ఆడమనిషి లేదు, తండా నుంచి ఒక్కరు లేరు. ఊరి పేరుతో ఇంకే నిర్ణయమైనా చేసేముందు ఆ సంగతి చూడండి.

ఈ లేఖ రాసినందుకు నా ఇంటికి పనికి రావద్దని, నాతో మాట్లాడినవారికి జరిమానా అని చాటింపు వేయిస్తారేమోనని మా ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. ఇతర ఊళ్లలో అలా జరిగింది కాబట్టే ఆ భయం. మీలో చాలామంది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కొందరిని బాబాయి అని, మామ అని పిలుస్తూ పెరిగాను. అలా చేయరనే నమ్ముతున్నాను. చేసినా గ్రామసభకు మాత్రం వస్తాను. జమాఖర్చు పుస్తకం తీసుకుని మీరూ రండి.

ఇట్లు,
మీ ఊరి ఓటరు